పాత ఇంజనుకి కొత్త గేజు
పాత ఆవిరి ఇంజనుకి ప్రెషర్ గేజు దొరకడం కష్టమేం కాదండి, భీమవరంలో రైస్‌మిల్లు బాయిలర్ సామాన్ల కొట్లోనే దొరికింది. దాన్ని పైపుకి కలిపే అడాప్టరే చుక్కలు చూపించింది. ఇంజనుది బ్రిటిష్ పైపు మర, పళ్ల కోణం 55 డిగ్రీలు. గేజుదేమో అమెరికన్ మర, 60 డిగ్రీలు. అరంగుళం సైజులో రెండిటికీ అంగుళానికి 14 పళ్లే. అందుకే కాసేపు నున్నగా ఎక్కి, తర్వాత బిగుసుకుంటుంది.

"టేపు చుట్టి లాగించేయండి" అన్నాడు కొట్టాయన. (ఆవిరితోనా!)

లేత్ బాబాయ్ మాత్రం మర పళ్లు కొలిచే రేకు ఆనించి, వెలుతురుకెత్తి చూపించాడు. పళ్ల మధ్య సన్నటి సందు.

"ఆవిరి కారిపోడానికి ఈ సందు చాలబ్బాయ్."

గన్‌మెటల్ (ఒక రకం కంచు) కడ్డీకి ఓ పక్క ఆ మర, ఓ పక్క ఈ మర కోసిచ్చాడు. ఇలాంటి పని పెట్టుకుంటే బిగించేముందు సైఫన్ వంపులో (గేజు కింద ఉండే వంపు పైపులో) నీళ్లు పోయండి. లేకపోతే వేడి ఆవిరి నేరుగా గేజులోకే పోద్ది.