60 రోజుల భయం, 300 రోజుల గడువు

తెలుగులో 'వ' ఒక్కటే. ఇంగ్లిషులో రెండున్నాయి. ఒకటి కింది పెదవిని పంటికి ఆనించి పలకాలి, రెండోది పెదవులు సున్నాలా చుట్టి పలకాలి. పదకొండేళ్ల ఉద్యోగంలో ఈ తేడా నాకెప్పుడూ అడ్డు రాలేదు. అమెరికాలో, న్యూజెర్సీలోని ఒక క్లయింట్ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో ఉండగా, మార్చి రెండో వారంలో ఒక మీటింగులో 'వర్షన్' అన్నాను. మా టీమ్ లీడ్ చెయ్యెత్తి, "ఆగు, అది ఏ 'వ'?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆయన అన్నదానికంటే, నేనూ నవ్వానన్న సంగతే తర్వాత నన్ను ఎక్కువ కాలం బాధపెట్టింది.

మర్నాటి నుంచి అదొక ఆటైపోయింది. వారానికోసారి నా మానిటర్ మీద పసుపుపచ్చ కాగితం ముక్క అంటించి ఉండేది. దాని మీద స్కెచ్ పెన్నుతో పెద్ద 'డబ్ల్యూ'. ఎవరు అంటించారో అడిగితే అందరూ తలలు దించుకుని టైపు చేసేవారు. ఏప్రిల్ 10న, క్లయింట్ పెద్దలకు పని చూపించే డెమోల నుంచి నన్ను తప్పించారు. నా మాట వాళ్లకు అర్థం కాదట. నేను చేసిన పరీక్షల ఫలితాలను, ఆ పరీక్షలు ఎప్పుడూ నడపని ఇంకొకతను నిలబడి చదివి వినిపించేవాడు. ఎవరైనా ప్రశ్న అడిగితే చాట్‌లో నన్ను అడిగి జవాబు చెప్పేవాడు. వేసవి వచ్చేసరికి మాటలు ఉచ్చారణను దాటి ఇంటిదాకా వచ్చాయి. "భర్తనే నువ్వు ఎంచుకుని ఉండవు, టూల్ ఎంచుకోవడం నీకేం తెలుస్తుంది?" అని టీమ్ లీడ్ ఒకరోజు పన్నెండు మంది ముందు అన్నాడు. ఈసారి నేను నవ్వలేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నేను పని చేసేది క్లయింట్ దగ్గర. నా ఉద్యోగ వీసా, హెచ్-1బి, ఉన్నది కన్సల్టింగ్ కంపెనీ దగ్గర. మధ్యలో వెండర్ అనే దళారీ కంపెనీ ఒకటి. జీతం ఒకరు ఇస్తారు, పని ఒకరు చెబుతారు, మాట పడేది మనం. మా కంపెనీ యజమాని తెలుగాయనే. ఏప్రిల్‌లోనే ఫోను చేసి చెప్పాను. అంతా విని, "చూడమ్మా, ఆగస్టులో నీ వీసా ఎక్స్‌టెన్షన్ ఉంది. ఈలోగా క్లయింట్‌తో గొడవెందుకు? నాలుగు నెలలు ఓర్చుకో" అన్నారు. ఆయన చెడ్డవారేమీ కాదు. ఆయన ఆలోచించింది ఆయన బిల్లింగు గురించి. అది నా గురించేనని నేననుకున్నాను.

ఎక్స్‌టెన్షన్ వచ్చింది. తర్వాత గ్రీన్‌కార్డు దారిలో ఒక మెట్టు అయిన ఐ-140 పిటిషన్ ఆమోదానికి 180 రోజులు నిండేదాకా ఆగుదామనుకున్నాను. తర్వాత పండగల సెలవులు అయ్యాక చూద్దామనుకున్నాను. హెచ్-1బి మీద ఉన్నవాళ్ల బుర్రలో ఒక లెక్క ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది: ఉద్యోగం పోతే 60 రోజులు, ఆలోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాలి. 2017 జనవరిలో వచ్చిన నియమం అది. దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ఐ-94 కాగితం గడువు అంతకంటే ముందే ముగిసిపోతే ఆ 60 కూడా ఉండవు. ఆ లెక్క తప్ప నాకు ఇంకో లెక్క తెలియదు.

ఆ ఇంకో లెక్క డిసెంబరు 12న ఒక లాయరు గదిలో తెలిసింది. నేను చెప్పిందంతా విని ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "డెమోల నుంచి తప్పించింది ఏ తేదీన?" చెప్పాను. కాగితం మీద కూడికలు చేసి, "246 రోజులైంది. ఇంకా 54 మిగిలాయి" అన్నారు.

ఫెడరల్ ప్రభుత్వపు సమాన ఉపాధి అవకాశాల కమిషన్, అంటే ఈఈఓసీకి ఫిర్యాదు చేయడానికి సంఘటన జరిగిన రోజు నుంచి 180 రోజులు గడువు. న్యూజెర్సీలాగా సొంత వివక్ష నిరోధక చట్టం, దాన్ని అమలు చేసే సంస్థ ఉన్న రాష్ట్రాల్లో 300 రోజులు. న్యూజెర్సీలో రాష్ట్ర పౌరహక్కుల విభాగానికి ఫిర్యాదు చేయాలంటే మాత్రం 180 రోజులే. అది అక్టోబరులోనే దాటిపోయిందని, ఆ వారంలో నేను పండగ సెలవుల గురించి ఆలోచిస్తున్నానని అప్పుడు లెక్క తేలింది. రాష్ట్ర చట్టం కింద నేరుగా కోర్టుకు వెళ్లడానికి రెండేళ్లు ఉంటుందని లాయరు చెప్పకపోతే ఆ గదిలోనే ఏడ్చేదాన్ని.

ఇంకో సంగతి విని నాకు ఒళ్లు మండింది. కంపెనీ హెచ్‌ఆర్‌కు ఫిర్యాదు చేసి జవాబు కోసం ఎదురుచూస్తున్నంత మాత్రాన ఈ గడియారం ఆగదు. వాళ్లు "పరిశీలిస్తున్నాం" అంటూ ఎనిమిది నెలలు గడిపినా ఆ రోజులు మన ఖాతాలోంచే పోతాయి. కొంత ఊరట కూడా ఉంది. ఉద్యోగం తీసేయడం, పదోన్నతి ఆపడం లాంటివి దేనికది వేరు లెక్క. రోజూ సాగే వేధింపు అలా కాదు, అదంతా ఒకే గొలుసు. గొలుసులో ఒక్క కొక్కెమైనా 300 రోజుల లోపల ఉంటే పాతవాటినీ చూపించవచ్చని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది.

అసలు నాకు జరిగింది చట్టం దృష్టిలో వేధింపేనా అన్నది నా మొదటి సందేహం. చాలామందికి ఉండే సందేహమే. 1964 నాటి పౌరహక్కుల చట్టంలోని ఏడో అధ్యాయం, అందరూ టైటిల్ సెవెన్ అనేది, మొరటుతనాన్ని నిషేధించదు. అందరి మీదా సమానంగా అరిచే బాస్ మీద ఆ చట్టం కింద కేసు నిలవదు. జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం, వీటిలో ఏదో ఒకటి కారణమై ఉండాలి. ఆ ప్రవర్తన తీవ్రమైనదో, పదే పదే జరిగేదో అయి ఉండాలి. కంపెనీలో కనీసం 15 మంది ఉద్యోగులు ఉండాలి. న్యూజెర్సీ చట్టానికైతే ఆ సంఖ్యతో పనిలేదు. యాస మీద వెక్కిరింపు పుట్టిన దేశం కిందకే వస్తుంది. యాస వల్ల పని నిజంగా దెబ్బతింటేనే దాన్ని కారణంగా చూపి ఒకరిని తప్పించవచ్చు. పదకొండేళ్లు నా మాట అర్థమై, ఏప్రిల్ 10న హఠాత్తుగా అర్థం కాకుండా పోయిందంటే నమ్మడం కష్టం.

"కానీ నేను పనికి వస్తూనే ఉన్నాను, పని బాగానే చేశాను, కుంగిపోలేదు" అన్నాను. నా నిబ్బరమే నాకు ఎదురు సాక్ష్యమవుతుందని నా భయం. ఆవిడ 1993 నాటి ఒక కేసు చెప్పారు. టెనెసీ రాష్ట్రంలో యంత్రాలు అద్దెకిచ్చే కంపెనీలో మేనేజరుగా ఉన్న టెరీసా హ్యారిస్‌ను ఆ కంపెనీ అధ్యక్షుడు అందరి ముందూ "నువ్వు ఆడదానివి, నీకేం తెలుసు" అనేవాడు. ఆమె మానసికంగా తీవ్రంగా దెబ్బతిన్నట్లు రుజువు లేదని కింది కోర్టులు కేసు కొట్టేశాయి. సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా దాన్ని తిరగదోడింది. మనిషి మానసికంగా కుప్పకూలేదాకా చట్టం ఆగనక్కర్లేదని జస్టిస్ శాండ్రా డే ఓకానర్ తీర్పు సారాంశం. 'నీకేం తెలుసు' అన్న మాట దగ్గర నేను ఉలిక్కిపడ్డాను. ముప్పై ఏళ్లు దాటినా కొత్త తిట్టు కూడా కనిపెట్టలేకపోయారు.

ముందు కంపెనీలకు ఫిర్యాదు రాసి ఇమ్మన్నారు లాయరు. నోటితో చెప్పింది లెక్కలోకి రాదని కాదు, చెప్పలేదని వాళ్లు అంటే మన చేతిలో ఏమీ ఉండదు. పైగా కంపెనీలో ఫిర్యాదు చేసే దారి ఉండి కూడా మనం వాడుకోకపోతే, కొన్ని రకాల కేసుల్లో అదే వాళ్లకు కవచమవుతుంది. హెచ్‌ఆర్ మన పక్షమని మాత్రం అనుకోవద్దు. హెచ్‌ఆర్‌కు జీతమిచ్చేది కంపెనీ. అక్కడ ఇచ్చే కాగితం రేపటి కోసం.

నాదగ్గర ఒక్క మంచి అలవాటు ఉంది. చిన్న డైరీ. పాల లెక్కల్లాగా తేదీ వేసి రెండు ముక్కలు రాసుకుంటాను. 'మార్చి 27, మధ్యాహ్నం, మళ్లీ కాగితం. పక్క సీటాయన చూశాడు.' ఇలా. అంతా తెలుగులోనే. పనికిరాదేమోనని భయంభయంగా చూపించాను. అనువాదం చేయిస్తే చాలునన్నారు. అప్పటికప్పుడు రాసుకున్నదానికి ఉండే విలువ, తర్వాత గుర్తు చేసుకుని రాసినదానికి ఉండదట. ఆఫీసు మెయిళ్లను సొంత మెయిల్‌కు పంపుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పారు. ఆ ఒక్క తప్పు పట్టుకుని ఉద్యోగం తీసేయడానికి దారి దొరుకుతుంది. ఫోనులో రికార్డు చేయాలంటే న్యూజెర్సీలో సంభాషణలో ఉన్న ఒకరి సమ్మతి, అంటే మన సమ్మతి చాలు. అదే కాలిఫోర్నియాలో రహస్యంగా రికార్డు చేస్తే నేరం మనదే అవుతుంది. ఒక రాష్ట్రంలోని స్నేహితురాలి సలహా ఇంకో రాష్ట్రంలో కొంప ముంచుతుంది.

డిసెంబరు 15న క్లయింట్‌కూ మా కంపెనీకీ విడివిడిగా రాసి పంపాను. ఇద్దరికీ ఎందుకంటే, పని చెప్పేవాళ్లూ జీతమిచ్చేవాళ్లూ ఇద్దరూ బాధ్యులు కావచ్చు. "అది క్లయింట్ సంగతి" అని మా యజమాని చేతులు దులుపుకోవడానికి లేదు. మూడు వారాలకు టీమ్ లీడ్‌ను వేరే విభాగానికి మార్చారు. జనవరి మధ్యలో, 'బడ్జెట్ కారణంగా' నా ప్రాజెక్టు ముగిసిందని ఉత్తరం వచ్చింది. మిగతా పదకొండు మందికీ బడ్జెట్ ఉంది.

"ప్రాజెక్టు లేదు కాబట్టి జీతం లేదు, ఇంకోటి వెతుకుతాం" అన్నారు మా యజమాని. ఈ మాట మనవాళ్లలో చాలామంది విని తలూపి ఉంటారు. హెచ్-1బి ఉద్యోగిని పని లేదని ఖాళీగా కూర్చోబెట్టినా జీతం ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే కార్మిక శాఖ వేతన విభాగానికి డబ్ల్యూహెచ్-4 అనే ఫారంలో 12 నెలల లోపు ఫిర్యాదు చేయవచ్చు. ఆ ఫారం పేరు పలికేసరికి ఆయన గొంతు మారింది. జనవరి 23న ఉద్యోగం నుంచి తీసేస్తున్నట్లు కాగితం ఇచ్చారు. "పెద్ద కంపెనీలతో పెట్టుకుంటే ఇమ్మిగ్రేషన్‌లో ఇబ్బందులు రావచ్చు" అని ఒక ముక్క ఫోనులో కలిపారు. అది కూడా డైరీలోకి ఎక్కింది. వలస హోదా చూపి బెదిరించడం ప్రతీకార చర్యేనని ఈఈఓసీ చెబుతుంది. ఆ సంస్థకు ఏటా వచ్చే ఫిర్యాదుల్లో అన్నిటికంటే ఎక్కువ ఈ ప్రతీకారం గురించినవే. అసలు వేధింపు కేసు నిలవకపోయినా ప్రతీకారం కేసు నిలిచే అవకాశం ఉంటుంది.

జనవరి 30న ఈఈఓసీలో ఫిర్యాదు నమోదైంది. గడువుకు ఇంకా అయిదు రోజులుంది. రుసుము లేదు, లాయరు ఉండి తీరాలన్న నిబంధనా లేదు. వీసా ఏదని ఆ చట్టం అడగదు.

ఇక 60 రోజులు. వాటి గురించి ఎక్కువ రాయలేను. పొద్దున్నే లేచి గోడ మీది క్యాలెండరు చూడకుండా వంటింట్లోకి వెళ్లడానికి తల తిప్పుకుని నడిచేదాన్ని. కొత్త కంపెనీ నా పేరు మీద పిటిషన్ వేసింది 41వ రోజున. అది ఆమోదం పొందేదాకా ఆగక్కర్లేదు, దాఖలైతే చేరిపోవచ్చు. ఇన్నాళ్లూ ఏ గ్రీన్‌కార్డు క్యూ కోసం నోరు మూసుకున్నానో, ఆ క్యూలో నా స్థానం ఎక్కడికీ పోలేదు. ఐ-140 ఒకసారి ఆమోదం పొందాక పాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా, క్యూలో చేరిన ఆ తేదీ మనదే. ఈ ఒక్క ముక్క ఏప్రిల్‌లోనే తెలిసి ఉంటే!

ఈఈఓసీ మధ్యవర్తిత్వం ప్రతిపాదించింది. అందరూ ఒప్పుకున్నారు. ఒక గదిలో మేము, ఇంకో గదిలో వాళ్లు, మధ్యలో రోజంతా తిరిగిన మధ్యవర్తి. సాయంత్రానికి రాజీ కుదిరింది. ఏం కుదిరిందో చెప్పకూడదని సంతకం పెట్టాను కాబట్టి చెప్పను. కోట్లు వస్తాయని నమ్మేవాళ్ల కోసం ఒక మాట: ఈ ఫెడరల్ చట్టం కింద మానసిక వేదనకూ శిక్షగానూ కలిపి ఇచ్చే పరిహారానికి పరిమితి ఉంది. వంద మంది లోపు ఉన్న కంపెనీకి 50,000 డాలర్లు, 500 దాటితే 3 లక్షలు. రావాల్సిన జీతం బకాయి వేరు.

కొత్త ఆఫీసులో మొదటి రోజే 'వర్షన్' అనాల్సి వచ్చింది. ఒక్క క్షణం ఆగాను. ఎవరూ తలెత్తలేదు.

పోయిన నెలలో పాత టీమ్‌లోని ఒక అమ్మాయి ఫోను చేసింది. మనమ్మాయే. వేరే మేనేజరు, ఇంకో రకం మాటలు. అరగంట చెప్పింది. "మొదటిసారి ఎప్పుడు?" అని అడిగాను.

"వేసవిలో అనుకుంటానక్కా. అప్పుడు రాసుకోలేదు."

"మొన్నటిది?"

"మంగళవారం."

"తేదీ?"

కాసేపు చప్పుడు లేదు. తర్వాత సొరుగు లాగిన శబ్దం. "ఉండండక్కా, పెన్ను దొరకడం లేదు."