జెనోవాలో మూడు రోజులు, రెండు పథ్యాలు

మిలాన్‌లో, సముద్రం ఒడ్డునున్న జెనోవా ఊరికి వెళ్లే రైలెక్కిన అరగంటకి అమ్మ కిటికీలోంచి చూస్తూ, "ఇవేంటే, మన చేలల్లే ఉన్నాయి!" అంది. నిజంగా వరి చేలే. పావియా చుట్టుపక్కల మే నెలలో మళ్ల నిండా నీళ్లు నిలబెట్టి ఉంచుతారు. యూరప్ మొత్తంలో వరి ఎక్కువ పండేది ఇటలీలోనేనని చెబితే నమ్మలేనట్టు చూసింది. "మరి ఊడుపులు ఊడ్చేవాళ్లెవరూ కనపడరేం?" ఇక్కడ విత్తనం వెదజల్లేస్తారని చెప్పాను. కోనసీమ మనిషి కదా, మొహం చిన్నబుచ్చుకుంది. "అయితే సగం పనే" అని తీర్మానించేసింది.

అమ్మ నన్ను చూడ్డానికి మ్యూనిక్ వచ్చి నెలయింది. ఎక్కడికైనా తీసుకెళ్దామంటే మా ఇద్దరి తిండి గొడవ మామూలుది కాదు. ఆవిడ గుడ్డు కూడా ముట్టని శాకాహారి. నాకు నాలుగేళ్ల క్రితం సిలియాక్ జబ్బని తేలింది. గోధుమ, బార్లీ, రై ఈ మూడింట్లో ఉండే గ్లూటెన్ కడుపులోకి వెళ్తే మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొర మీద దాడి చేస్తుంది. మందు లేదు. జీవితాంతం మానెయ్యడమే వైద్యం. రొట్టె రజను అంటిన చాకుతో కూరగాయ తరిగినా నాకు తంటాయే.

అలాంటి మనిషి రొట్టెలూ పాస్తాల దేశానికి వెళ్లడమేంటని మ్యూనిక్‌లో మా స్నేహితులు నవ్వారు. మన ఊళ్లో పెళ్లికి వెళ్లడం కన్నా ఇటలీ వెళ్లడమే నాకు తేలిక అంటే వాళ్లకి అర్థం కాలేదు. "అన్నం తినేవాళ్లం, మనకి గోధుమతో పనేముంది" అంటారు అందరూ. డబ్బా ఇంగువ సంగతి ఎవరికీ గుర్తుండదు. బజార్లో దొరికే ఇంగువలో చాలావాటికి పిండి కలుపుతారు, ఎక్కువసార్లు గోధుమ పిండే. అంటే పులిహోర, సాంబారు, చారు, ఆఖరికి మజ్జిగ పులుసు కూడా. రెండేళ్ల క్రితం బంధువుల పెళ్లిలో మా పిన్ని నా విస్తట్లో సాంబారు పోసి, నేను సగం అన్నం తిన్నాక, "ఇంగువ పడిందిలే గానీ, చిటికెడే, ఏం కాదు" అంది. మూడు రోజులు మంచం దిగలేదు. పిన్నికి నా మీద ప్రేమ లేక కాదు. ఒక్కసారికి ఏమవుతుంది అన్నది మన వాళ్ల నరాల్లో ఉంది.

ఇటలీలో అలా కాదు. 2005లోనే సిలియాక్ రోగుల కోసం ప్రత్యేకంగా చట్టం చేశారు. బళ్లలోనూ ఆసుపత్రుల్లోనూ అడిగితే గ్లూటెన్ లేని భోజనం పెట్టాలి. పెద్దవాళ్లకైతే నెలకి 100 యూరోల అటూ ఇటూగా ప్రత్యేకమైన పిండీ రొట్టే కొనుక్కోవడానికి ప్రభుత్వమే ఇస్తుంది. మందుల షాపుల్లో ఆ సరుకు అమ్ముతారు. 1979లో పుట్టిన సిలియాక్ సంఘం ఒకటి ఉంది. తాము శిక్షణ ఇచ్చిన హోటళ్ల జాబితా అది పెడుతుంది. నేను వెళ్లే ముందు చేసిన పనల్లా ఆ జాబితాలో జెనోవా హోటళ్లు నాలుగు రాసుకోవడం, రెండు వాక్యాలు బట్టీ పట్టడం. "సోనో చెలియాకా." నాకు సిలియాక్ ఉంది. "సెంసా కార్నే, సెంసా పేషే, సెంసా ఉవోవా." మాంసం, చేప, గుడ్డు లేకుండా. మొదటిది నాకు, రెండోది అమ్మకి.

జెనోవా దిగగానే మనసు పట్టుకునే ఊరు కాదు. స్టేషన్ నుంచి పాతబస్తీలోకి నడిచి వెళ్తే ఎటు చూసినా సందులే. వాటిని కరూజ్జి అంటారు. చేతులు చాపితే రెండు పక్కల గోడలూ తగిలేంత ఇరుకు. పైన ఆకాశం రిబ్బన్ ముక్కలా కనపడుతుంది, ఆ రిబ్బన్‌కి అడ్డంగా ఉతికిన బట్టలు. అమ్మకి సందులు నచ్చాయి. "నీడ పట్టున నడవచ్చు" అంది. ఆ సందుల్లోంచి హఠాత్తుగా వియా గరిబాల్ది అనే వీధిలో పడతాం. రెండు వైపులా పాతకాలపు ధనికుల భవంతులు, 2006లో యునెస్కో గుర్తించినవి. అమ్మ బయటి నుంచే చూసి, "ఎంత ఇల్లయినా తుడుచుకోవాలిగా" అని ముందుకి కదిలింది.

మొదటి రాత్రి జాబితాలో ఉన్న హోటల్లో కూర్చున్నాం. నేను నా వాక్యం చెప్పగానే వడ్డించే అమ్మాయి ముఖంలో నవ్వు పోయి శ్రద్ధ వచ్చింది. లోపలికి వెళ్లి వచ్చింది. నా రొట్టె సీలు వేసిన సంచిలో విడిగా తెచ్చి, నా ముందే చింపింది. నా పాస్తా వేరే గిన్నెలో, వేరే నీళ్లలో ఉడుకుతుందని అడక్కుండానే చెప్పింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇక అమ్మ వంతు. మాంసం లేకుండా అన్నాను. "అయితే ట్యూనా?" అంది. అదీ వద్దు. "ప్రొషుత్తో, చాలా సన్నగా?" అది పంది మాంసం కదా అన్నాను. ఆ అమ్మాయి పాపం నిజంగా కలవరపడింది. ఈవిడకేం జబ్బు అని మెల్లగా అడిగింది. జబ్బేం లేదు, పుట్టినప్పటి నుంచీ తినదు అని చెబితే, ఏ డాక్టరూ వద్దనకుండా మానెయ్యడమేంటో ఆ పిల్లకి తట్టలేదు. మన ఊళ్లో అమ్మ మాట ఎవరికైనా ఒక్కసారి చెబితే చాలు, నా మాట పదిసార్లు చెప్పాలి. ఇక్కడ తిరగబడింది.

చివరికి ఇద్దరికీ పెస్తో వచ్చింది. దాంట్లో బంగాళాదుంపా బీన్సూ కూడా ఉడికించి కలుపుతారు ఈ ఊళ్లో. పెస్తో అంటే ఏంటని అమ్మ అడిగితే బాసిల్ ఆకు నూరిన పచ్చడి అన్నాను. "తులసినా!" అని చెంపలు వేసుకోబోయింది. తులసి కాదమ్మా, సబ్జా గింజలొచ్చే మొక్క అన్నాక శాంతించి తినడం మొదలెట్టింది. వెల్లుల్లి, ఉప్పు, పైన్ గింజలు, ఆలివ్ నూనె, పాలరాతి రోట్లో దంచుతారు. "కొత్తిమీర కారం తల్లిలా ఉంది" అంటూ పళ్లెం నాకినంత శుభ్రంగా తింది.

పెస్తోలో ఇంకో దినుసు ఉంది. నేను చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న మెర్కాతో ఒరియెంతాలే బజారుకి వెళ్లాం. కూరల దుకాణాలు చూస్తే అమ్మకి ప్రాణం లేచొచ్చింది. ప్రా అనే శివారు నుంచి వచ్చే లేత బాసిల్ వేళ్లతో సహా కట్టలు కట్టి పెట్టారు. వంకాయలు నొక్కి చూడబోతే అమ్మేవాడు వేలు ఊపాడు. ఇక్కడ కూరల్ని ముట్టుకోనివ్వరు. అమ్మ నొచ్చుకుంది. "చూడకుండా కొంటే వంకాయా అది?" తర్వాత జున్ను దుకాణం ముందు ఆగింది. పార్మెజాన్ చక్రాలు బండి చక్రాలంత ఉన్నాయి. "నిన్న పచ్చట్లో రుచి ఇదే కదూ? ఒక ముక్క కొను, రాజమండ్రిలో పక్కింటి మామిగారికి ఇస్తా" అంది. మామిగారు మడి కట్టుకుని వంట చేసే మనిషి. పొట్లం వెనక మూడే మాటలున్నాయి: పాలు, ఉప్పు, కాల్యో. తర్వాత కొందాంలే అని లాక్కొచ్చేశాను.

మధ్యాహ్నం ఫరినాతా వేట. నేను జెనోవా ఎంచుకున్నదే దాని కోసం. శనగపిండి, నీళ్లు, ఉప్పు, ఆలివ్ నూనె. అంతే. గోధుమ లేదు, గుడ్డు లేదు, జున్ను లేదు. ఇద్దరి పథ్యాలూ కలిసే వంటకం ఇంకోటి ఇటలీలో ఉందేమో నాకు తెలీదు. 1284లో పీసా వాళ్లని ఓడించి తిరిగొస్తున్న జెనోవా ఓడలు తుపానులో చిక్కుకుంటే, శనగపిండీ నూనే సముద్రపు నీళ్లలో కలిసిపోయాయట, ఆకలికి ఆగలేక ఆ ముద్దని ఎండలో పెట్టుకుని తింటే బాగుందట. కట్టుకథే అయ్యుంటుంది. అమ్మ మాత్రం, "ఆకలేస్తే అన్నీ బాగుంటాయి" అంది.

మొదటి దుకాణంలో కట్టెల పొయ్యి ధగధగా మండుతోంది. కళాయి పూసిన పెద్ద రాగి పళ్లాలు, మీద బంగారు రంగు పొర, మిరియాల వాసన. నా వాక్యం చెప్పాను. పెద్దాయన కోస్తున్న చెయ్యి ఆపేశాడు. తల అడ్డంగా ఊపి పొయ్యి వైపు చూపించాడు. ఫొకాచ్చా అనే గోధుమ రొట్టె కూడా అదే పొయ్యిలో కాలుస్తారు, గోధుమ పిండి గాల్లో ఉంటుంది. ఫరినాతాలో గ్లూటెన్ లేకపోయినా నాకు అమ్మనన్నాడు. డబ్బులు వచ్చే బేరం వదులుకుని, పైగా నాకే క్షమాపణ చెప్పాడు. అమ్మకి ఒక ముక్క తీసుకోమన్నాను. "నువ్వు చూస్తుంటే నేనెలా తింటానే" అని బయటికొచ్చేసింది.

రెండోది జాబితాలోని చిన్న హోటలు. అక్కడ గోధుమ పిండి అడుగుపెట్టదు. కానీ గుమ్మంలోనే వేయించిన చేపల వాసన. పక్క బల్ల మీద ఆంచోవీలు, తలలతో సహా. నేను వెనక్కి తిరగబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. వంటింటి వైపు తొంగి చూసి, చేపలు వేయించే మూకుడూ ఫరినాతా పొయ్యీ రెండూ వేరే అని కళ్లారా చూసుకుని, గోడ వైపు ముఖం పెట్టి కూర్చుంది. ముక్కుకి చీర కొంగు.

ఫరినాతా వచ్చింది. అంచులు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా. అమ్మ తుంచి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. "శనగపిండి అట్టు" అంది. "కానీ పులవలేదు, నానింది. ఎంతసేపు నానేశారో కనుక్కో." కనుక్కున్నాను. రాత్రంతా నానబెట్టి పొద్దున్నే మీద తేలిన నురగ తీసేస్తారట. అదే తను మర్చిపోయిన కిటుకు అన్నట్టు తలాడించింది. జీలకర్ర వేసుంటే ఇంకా బాగుండేదని ఆ కుర్రాడికి చెప్పమంది. చెప్పలేదు. ఇంకో పళ్లెం తెప్పించుకున్నాం.

దారిలో సాన్ లొరెంజో చర్చి చూశాం. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ నౌకలు పేల్చిన గుండు ఒకటి గోడ చీల్చుకుని లోపల పడి పేలలేదు. అలాంటిదొకటి అక్కడే నిలబెట్టి పెట్టారు. అమ్మ దానికీ దణ్ణం పెట్టింది.

సాయంత్రం లిఫ్టెక్కి కాస్తెల్లెత్తో అనే గుట్ట మీదికి వెళ్లాం. కింద పలక రాళ్ల కప్పులు, రేవు, దూరంగా లాంతెర్నా దీపస్తంభం. అక్కడ చెప్పాను. పార్మెజాన్ కోసం పాలు విరగ్గొట్టడానికి వాడే కాల్యో అంటే పాలు తాగే దూడ కడుపులోంచి తీసేది. అది లేకుండా చేస్తే దానికి ఆ పేరు పెట్టుకోనివ్వరు. నిన్న పెస్తోలో అదే ఉంది. నాకు ముందే తెలుసు.

అమ్మ రేవు వైపే చూస్తూ ఉంది. "చచ్చిన దూడా?"

"ఊఁ."

"మరి తినేదాకా ఎందుకాగావ్?"

ఆకలి మీదున్నావు, ఆ హోటల్లో నువ్వు తినగలిగింది ఇంకేం లేదు, కొంచెమే కదా అని... అంటూనే ఆ మాట నా నోట్లో ఆగిపోయింది. అమ్మ నా వైపు తిరిగింది. కోపం లేదు.

"మీ పిన్ని కూడా ఇదే అంది" అంది.

ఆ రాత్రి బస చేసిన గదిలో కుక్కర్‌లో అన్నం పెట్టాను. కందిపొడి, నెయ్యి. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. పడుకునే ముందు ఆ ఇటాలియన్ మాట కాగితం మీద తెలుగులో రాసివ్వమంది. రాశాను. రెండు మూడు సార్లు పైకి చదువుకుని పర్సులో పెట్టుకుంది.

మూడో రోజు రైలుకి గంట ముందు స్టేషన్ దగ్గర తిండి సరుకుల దుకాణంలోకి దూరాం. నేను బియ్యపు అప్పాలు వెతుక్కుంటుంటే వెనక నుంచి అమ్మ గొంతు వినపడింది. చేతిలో మోజరెల్లా జున్ను పొట్లం పట్టుకుని కౌంటర్ దగ్గరున్న ఆవిడని నిలదీస్తోంది.

"కాల్యో?"

ఆవిడకి అర్థం కాలేదు. అమ్మ వేలితో పొట్లం వెనక చూపించి, రెండు చేతుల వేళ్లూ తల మీద కొమ్ముల్లా పెట్టి మళ్లీ అడిగింది. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని, వెలుగులోకి వెళ్లి, చిన్న అక్షరాలు చదవడం మొదలెట్టింది. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. అమ్మ కదల్లేదు.