వాడుకలో ఉన్న చాకే నా సేకరణ

నా సేకరణలోని మడతచాకులలో జేబులోకి ఎక్కని చాకు ఒక్కటీ లేదు. కొన్నదానిని కొన్నట్టే, అలుగు, అంటే కోసే రేకు, మీద వేలిముద్ర కూడా పడనీయకుండా, నూనె పూసి సొరుగులో భద్రపరచే సేకరణకర్తలు ఎందరో ఉన్నారు. వారి శ్రద్ధ వల్లనే నూరేళ్ల నాటి చాకులను చెక్కుచెదరని రూపంలో ఈనాడు చూడగలుగుతున్నాము కనుక ఆ పద్ధతి పట్ల నాకు గౌరవం ఉంది. అయితే సంప్రదాయ చాకులోని పనితనం కంటి కంటే చేతికి ఎక్కువగా తెలుస్తుందని, రోజూ తెరుస్తూ, మూస్తూ, కోస్తూ, పదును పెడుతూ ఉంటే తప్ప ఒక చాకు మంచిచెడ్డలు తేల్చలేమని నా గట్టి నమ్మకం. అందుచేత కొనేముందు నేను మొదట చూసుకొనేది దానిని రేపటి నుండి వెంట ఉంచుకోగలనా అన్నదే. అది ఎంత అరుదైనదన్నది తరువాతి సంగతి.

ఈ చాకులలో ఎక్కువ భాగం స్లిప్‌జాయింట్ అనే ఏర్పాటుతో పనిచేస్తాయి. పిడి వీపు పొడవునా ఒక ఉక్కు స్ప్రింగు ఉంటుంది. దాని కొస అలుగు మొదలును ఎడతెగక ఒత్తుతూ ఉంటుంది. ఆ మొదలును కొన్ని చోట్ల చదునుగా, కొన్ని చోట్ల గుండ్రంగా తీరుస్తారు. చదునైన చోటు స్ప్రింగు కిందికి రాగానే అలుగు నిలుస్తుంది, గుండ్రని చోటు వచ్చినపుడు స్ప్రింగు పైకి లేచి దానికి దారి ఇస్తుంది. తాళం గాని, మీట గాని, బొత్తాం గాని ఇందులో ఉండవు. కొందరు తయారీదారులు మొదలును నలుచదరంగా తీర్చి, సగం తెరిచినపుడు 90 డిగ్రీల దగ్గర కూడా అలుగు ఆగేటట్టు చేస్తారు. మూసేటప్పుడు వేళ్లు పక్కకు తీసుకోవడానికి అది వ్యవధి ఇస్తుంది కనుక నేను ఆ రకాన్నే ఎక్కువగా ఇష్టపడతాను.

చాకు బిగింపు ఎలా ఉందో తెలుసుకోవాలంటే దాని వీపు మీద బొటనవేలిని నడిపించి చూడాలి. మూసినపుడు, సగం తెరిచినపుడు, పూర్తిగా తెరిచినపుడు, మూడు స్థితులలోనూ స్ప్రింగు తన పక్కనున్న ఇత్తడి రేకులతో సమమట్టంగా నిలిచిందంటే, దానిని కూర్చిన మనిషి అలుగు మొదలును ఆకురాయితో వెంట్రుకవాసి చొప్పున అరగదీస్తూ, మళ్లీమళ్లీ పెట్టి తీసి సరిచూసుకొన్నాడని అర్థం. యంత్రంతో వేగంగా తయారైన చాకులలో ఈ మూడింటిలో ఏదో ఒక చోట స్ప్రింగు పైకి పొడుచుకు రావడమో, లోపలికి దిగిపోవడమో తరచుగా కనిపిస్తుంది. సేకరణకర్తలు చాకు నడక, చాకు పలుకు అని కూడా చెప్పుకొంటారు. అలుగు ఎక్కడా రాసుకోకుండా తిరిగే తీరు నడక; చివరన స్ప్రింగు తన స్థానంలో పడినపుడు వచ్చే స్పష్టమైన చప్పుడు పలుకు. స్ప్రింగు మరీ బిగువైతే తెరవబోయినవారి గోరు విరుగుతుంది, మరీ వదులైతే వాడేటప్పుడు అలుగు వేళ్ల మీదికి మడుచుకొనే ప్రమాదం ఉంటుంది. కొత్తలో కరుకుగా ఉండే నడక ఒక చుక్క నూనెతో, కొన్నాళ్ల వాడకంతో నునుపుదేరుతుంది. సొరుగులో ఉండిపోయిన చాకుకు ఆ అవకాశం ఎన్నటికీ రాదు.

స్ప్రింగుతో చేసిన ఉపాయాలలో నాకు అన్నిటి కంటే గొప్పదిగా తోచేది 1897లో స్విట్జర్లాండ్ చాకుల తయారీదారు కార్ల్ ఎల్సెనర్ నమోదు చేయించిన స్విస్ అధికారి చాకులోనిది, అంటే నేడు స్విస్ ఆర్మీ నైఫ్‌గా పేరుపడ్డ చాకులోనిది. అందులో ఒకే స్ప్రింగు పిడికి రెండు వైపులా ఉన్న పనిముట్లను ఒత్తి నిలుపుతుంది. అంత పలుచని పిడిలో అన్ని పనిముట్లు ఇమడడానికి కారణం అదే.

తాళం లేకపోవడాన్ని లోపంగా చూసేవారితో నేను ఏకీభవించను. ఈ అలుగు కోయడానికి ఉన్నది, పొడవడానికి, మెలితిప్పడానికి కాదు. కోసేటప్పుడు బలమంతా పదునైన అంచు మీదనే పడుతుంది కనుక అలుగు తెరిచి ఉన్న దిశలోకే నొక్కబడుతుంది. చేయి ఈ సంగతి గ్రహించిన తరువాత బరువు వేసే తీరే మారుతుంది. చట్టం కూడా కొన్నిచోట్ల ఈ తేడాను గుర్తించింది. బ్రిటన్‌లో 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం ప్రకారం, కోసే అంచు మూడు అంగుళాలకు మించని మడతచాకును ప్రత్యేక కారణమేదీ చూపకుండానే వెంట ఉంచుకోవచ్చు. తెరిచాక తాళం పడే చాకుకు ఆ వెసులుబాటు లేదని అక్కడి న్యాయస్థానాలు తేల్చాయి. ఒక్కొక్క దేశానిది ఒక్కొక్క నియమం కనుక ప్రయాణానికి ముందు ఆ సంగతి తెలుసుకోవడం సేకరణకర్త బాధ్యత. విమానం ఎక్కే రోజున నేను చేతిసంచిలో గాని, జేబులో గాని చాకు ఉంచుకోను.

స్ప్రింగు కూడా లేని చాకులు ఉన్నాయి, అవంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో రూపొందించిన చాకులో బీచ్ కర్ర పిడికి గాడి కోసి, అందులో అలుగును మేకుతో బిగించారు. కర్ర ఒరిపిడే దానిని పట్టి ఉంచేది. తిప్పితే తాళం పడే ఉక్కు కడియం 1955లో వచ్చింది, మరీ చిన్న సైజులకు అది ఇప్పటికీ లేదు. తేమ తగిలితే కర్ర ఉబ్బి అలుగు బిగుసుకుపోతుంది. అప్పుడు కడియాన్ని తెరిచిన స్థితిలో ఉంచి పిడి చివరను గట్టి చోట ఒక్కసారి తాటిస్తే అలుగు వేళ్లకు అందేంత బయటికి వస్తుంది. ఆ దెబ్బకు సవోయ్ వారి పేరే ఉంది. జపాన్‌లోని మికి పట్టణపు హిగోనోకామి ఇంకా సాదా చాకు. మడిచిన లోహపు రేకు పిడి, ఒక మేకు, అలుగు వెనుక నుండి పొడుచుకు వచ్చిన చిన్న మీట, ఇంతకు మించి అందులో ఏమీ లేదు. కోస్తున్నంతసేపు బొటనవేలితో ఆ మీటను అదిమి ఉంచాలి, అంటే చాకుకు తాళం మన వేలే. ఒకప్పుడు అక్కడి బడిపిల్లలు పెన్సిళ్లు చెక్కుకొన్నది దీనితోనే.

ఉక్కు విషయంలో నేను కార్బన్ ఉక్కు పక్షమే. 1913లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరంలో లోహశాస్త్రవేత్త హ్యారీ బ్రియర్లీ తుప్పును తట్టుకొనే ఉక్కును తయారుచేసిన తరువాతనే చాకులకు మరో దారి ఏర్పడింది. అంతకు ముందువి దాదాపు అన్నీ కార్బన్ ఉక్కు చాకులే. నేటికీ సంప్రదాయ చాకులకు విరివిగా వాడే 1095 రకంలో కార్బన్ సుమారు 0.95 శాతం ఉంటుంది, తుప్పును అడ్డుకొనే క్రోమియం దాదాపు ఉండదు. ఇది సానరాయి మీద సులువుగా పదునెక్కుతుంది, సన్నని అంచును బాగా నిలుపుకొంటుంది. పులుపున్న పండు కోసిన ప్రతిసారీ అలుగు మీద నీలం, బూడిద రంగులు కలిసిన పొర కొద్దికొద్దిగా ఏర్పడి, ఎర్రతుప్పు పట్టడాన్ని కొంతవరకు ఆలస్యం చేస్తుంది. ఈ పొరను వెనిగర్‌లో ముంచి ఒక్క రాత్రిలో తెప్పించుకొనేవారున్నారు. నేను ఆ పని చేయను. ఏ చోట ఎక్కువ కోస్తున్నానో, తుడవడంలో ఏ మూలను విడిచిపెడుతున్నానో సహజంగా వచ్చిన పొర చూపిస్తుంది, దాని వల్ల నా వాడకాన్ని దిద్దుకోగలుగుతాను.

జేబులోని నూలుపోగులు, దుమ్ము పిడి లోపలికి చేరి తేమను పట్టి ఉంచుతాయి కనుక అప్పుడప్పుడు పుల్లతో గాడిని శుభ్రం చేసి, ఇరుసు దగ్గర మినరల్ నూనె వేయాలి. వంటనూనె కొన్నాళ్లకు జిగురులా మారి నడకను పాడుచేస్తుంది. వంతులవారీగా వాడేవారు చాకులను తోలు ఒరలలో ఎక్కువ కాలం ఉంచకూడదు. పచ్చితోలును శుద్ధి చేయడానికి వాడిన రసాయనాలు ఉక్కును, ఇత్తడిని తినివేయవచ్చు. పాతకాలపు సెల్యులాయిడ్ పిడుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఆ పదార్థం విడిపోవడం మొదలైందంటే దాని నుండి వెలువడే ఆమ్లపు ఆవిరి తన అలుగునే కాక, అదే పెట్టెలో ఉన్న ఇతర చాకుల అలుగులను కూడా తుప్పు పట్టిస్తుంది. అటువంటి చాకును గాలి ఆడేచోట విడిగా ఉంచాలి.

పేరును బట్టి కొనడం ఈ రంగంలో నష్టం తెచ్చే అలవాటు. లాగ్యోల్ అన్నది ఫ్రాన్స్‌లోని ఒక గ్రామం పేరు. స్ప్రింగు మీద తేనెటీగ బొమ్మ ఉండే ఆ చాకు రూపం ప్రపంచమంతటా ప్రసిద్ధికెక్కినా, చాలాకాలం ఆ పేరుకు రక్షణ లేకపోవడంతో, ఎక్కడెక్కడో తయారైన నాసిరకపు చాకులు అదే ముద్రతో అమ్ముడయ్యాయి. షెఫీల్డ్‌లో ఒకప్పుడు చిన్నచిన్న గదులలో ఒంటరిగా పనిచేస్తూ చాకులు చేసే స్వతంత్ర పనివారు వందలాదిగా ఉండేవారు. 1926లో పుట్టి 2021లో కన్నుమూసిన స్టాన్ షా ఆ పరంపరలో చివరితరం వాడు. అలుగును, స్ప్రింగును, పిడిని ఒకే పనివాడు సరిచూసుకొంటూ పూర్తిచేయడంలో ఉన్న నాణ్యత ఏ ముద్ర వల్లనూ రాదు.

అందుకే పాతవాటిని ఎంచేటప్పుడు నేను ముద్ర కంటే ముందు అలుగును చూస్తాను. తరాల తరబడి సానపట్టిన వల్ల వెడల్పు సగం తగ్గిన చాకును ప్రదర్శన కోసం సేకరించేవారు పక్కన పెడతారు. ఇరుసు దగ్గర ఊగులాట లేకుండా, స్ప్రింగు పగలకుండా, మూసినపుడు మొన పిడి లోపలికి పూర్తిగా దిగుతూ ఉంటే నేను దానిని సంతోషంగా తీసుకొంటాను. ఎర్రతుప్పును మాత్రం నూనె, మెత్తని ఉక్కుపీచుతో తొలగించి, నల్లని పొరను, తయారీ ముద్రను ముట్టుకోకుండా వదిలివేస్తాను. తళతళలాడేలా పాలిష్ చేస్తే పాత చాకు విలువతో పాటు తయారీనాటి సానగీతలు కూడా పోతాయి. ఆ తరువాత సానరాయి మీద ఒక్కొక్క వైపు 15 నుండి 20 డిగ్రీల కోణంలో పదును పెట్టి, కాగితం తడబడకుండా తెగిందని చూసుకొని, మర్నాటి నుండి దానిని జేబులో వేసుకొంటాను.