లారీ కొనే ముందు చిన్నాయన వేయించిన లెక్క

తాడిపత్రి నుంచి బెంగళూరుకు సిమెంటు తోలడానికి పది చక్రాల లారీ తీసుకుందామని తిరుగుతుంటే, అందరూ అడిగింది ఒకటే: "కంతు ఎంత?" మా చిన్నాయన మాత్రం "వచ్చేటప్పుడు ఏం లోడేస్తావురా?" అన్నాడు. ఆయన వయసంతా లారీల్లోనే గడిచింది.

బెంగళూరు రానుపోను సుమారు 540 కిలోమీటర్లు. రిటన్ లోడు దొరక్కపోతే ఒకవైపు బాడుగలోనే రెండువైపుల ఖర్చూ రావాలి. లోడుతో లీటరుకు నాలుగు కిలోమీటర్లొస్తే గొప్ప. డీజిలు 97 అనుకుంటే, కిలోమీటరుకు 24 రూపాయలు దానికే. (కర్ణాటకలో రేటు తక్కువ, అందుకే మనోళ్లు బార్డరు దాటాకే ట్యాంకు నింపుతారు.) డ్రైవరు బత్తా, టోలు వేరే. రేడియల్ టైరు ఒక్కోటి ఇరవై వేలు దాటింది. ఆ డబ్బు కిలోమీటరుకు ఇంతని ముందునుంచే పక్కన పెట్టాలన్నాడు. రీసోల్ టైర్లు (అరిగినదానికి కొత్త రబ్బరు అతికించినవి) వెనకకే, ముందు చక్రాలకు వద్దే వద్దన్నాడు.

బండి కదలకపోయినా కట్టాల్సినవి ఇంకో వరుస: 2022 రేటు ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 43,950, జీఎస్టీ కాక. నేషనల్ పర్మిట్ ఏడాదికి 16,500. మూడు నెలలకోసారి ట్యాక్సు.

కొత్త బండి కంతు ఈ లెక్కలో చేర్చి చూస్తే, ఫ్యాక్టరీ క్యూలో దొరికే ట్రిప్పులు చాలవని తేలిపోయింది. పైగా బీఎస్-6 (పొగ కాలుష్యం మీద కొత్త నిబంధన) బండికి పొగ శుభ్రం చేసే యూరియా ద్రవం పోయాలి, సెన్సరు మొరాయిస్తే రోడ్డు పక్క మెకానిక్ చేతులెత్తేస్తాడు. దాంతో యూరియా అక్కర్లేని పాత బీఎస్-4 బండి వైపు మొగ్గాం. పాతదైనా థర్డ్ పార్టీ ప్రీమియం తగ్గదు. ఎనిమిదేళ్లు దాటితే ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. పది చక్రాల బండికి నేషనల్ పర్మిట్ పదిహేనేళ్ల వరకే. అంటే ఏడేళ్ల బండి కొంటే చేతిలో ఉండేది ఎనిమిదేళ్లు, బేరం దాన్నిబట్టే చేయాలి.

మొదట చూసిన బండి పెయింటు తళతళలాడుతోంది. చిన్నాయన కిందికి దూరి, కమాను కట్టల బ్రాకెట్ దగ్గర చాసిస్ (బరువంతా మోసే ఇనుప చట్రం) మీద వేలితో రుద్దాడు. కొత్త నల్లరంగు కింద వెల్డింగు గీత. లేచి చేతులు తుడుచుకుని "టీ తాగి పోదాం పా" అన్నాడు.

తర్వాత చూసిన దానికి రంగు వెలిసింది గానీ చాసిస్ శుభ్రం. అదే తీసుకున్నాం. టైర్లకని బ్యాంకులో వేరే ఖాతా తెరిచాం, పాస్‌బుక్కు మాత్రం చిన్నాయన నాకివ్వలేదు.