పంటి ఎక్స్‌రేలో అసలు లెక్క రిటేక్‌లదే

హన్మకొండలో ఏ పళ్ల డాక్టరు దగ్గరైనా రూట్ కెనాల్ చేయించుకునేవాళ్లు మూడో ఎక్స్‌రే దగ్గర అడిగే మాట ఒకటే: "మళ్లా తీస్తున్నరా సారూ, ఏం కాదు గదా?" అడగడం న్యాయమే. రూట్ కెనాల్‌కు మామూలుగా మూడు నాలుగు పడతాయి. మొదలుపెట్టే ముందు ఒకటి, ఫైల్ (వేరు లోపల శుభ్రం చేసే సన్నటి సూదిలాంటి పనిముట్టు) వేరు కొసదాకా వెళ్లిందో లేదో చూడ్డానికి ఒకటి, వేరును నింపే గట్టాపర్చా అనే రబ్బరులాంటి పుల్ల పెట్టి సరిచూసుకునేది ఒకటి, నింపాక ఒకటి. వీటికి వంక పెట్టడానికి లేదు. నిలదీయాల్సింది ఐదోదాన్ని, ఆరోదాన్ని. అంటే సరిగా రాలేదని మళ్లీ తీసినవాటిని.

ముందు డోసు సంగతి. ఒకటి రెండు పళ్లకు తీసే ఐ.ఓ.పి.ఏ.కు పడేది సుమారు 2 నుంచి 10 మైక్రోసీవర్ట్‌లు (రేడియేషన్ డోసును కొలిచేది వీటిలోనే). గుండ్రటి కోన్ (యంత్రం నుంచి కిరణం బయటికొచ్చే గొట్టం), ఎక్కువ ఎక్స్‌పోజర్ అడిగే పాత డి-స్పీడ్ ఫిల్ము కలిస్తే 20 దాకా పోతుంది. రెండు దవడలూ ఒకేసారి వచ్చే ఓపీజీకి 15 నుంచి 25, ఛాతీ ఎక్స్‌రేకు 20 ప్రాంతం. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనకు ఊరికే వచ్చేది ప్రపంచ సగటున ఏడాదికి 2,400 మైక్రోసీవర్ట్‌లు, రోజుకు ఆరున్నర. గ్రానైట్‌లో కొద్దిగా యురేనియం, థోరియం, పొటాషియం ఉంటాయి కాబట్టి కరీంనగర్, వరంగల్ గుట్టల నడుమ బతికేవాళ్లకు ఈ లెక్క కొత్తేమీ కాదు. దవడను త్రీడీలో చూపే సీబీసీటీ స్కాన్ మాత్రం వేరే పద్దు. స్కాన్ చేసే మేర ఎంతన్నదాన్ని బట్టి పదుల నుంచి వందల మైక్రోసీవర్ట్‌ల దాకా వెళ్తుంది. ఒక్క పన్ను కోసం రెండు దవడల స్కాన్ రాస్తే ఎందుకని అడగండి.

ఇంకో అపోహ, ఎక్స్‌రే గదిలో రేడియేషన్ నిలిచి ఉంటుందని. బటన్ వదలగానే అంతా అయిపోయినట్టే. గోడలో, కుర్చీలో, రోగి ఒంట్లో మిగిలేది ఏమీ ఉండదు.

గోడకు బిగించే మామూలు యంత్రం 60 నుంచి 70 కేవీ, 7 లేదా 8 మిల్లీయాంప్‌ల మీద నడుస్తుంది. వేడెక్కిన ఫిలమెంటు నుంచి ఎలక్ట్రాన్లు దూసుకెళ్లి టంగ్‌స్టన్‌ను కొడతాయి. అందులో ఒక శాతం లోపే ఎక్స్‌రే, మిగతాదంతా వేడి. అందుకే వెంటవెంటనే షాట్లు కొట్టకుండా ట్యూబును చల్లారనివ్వాలి. బయటికొచ్చే కిరణాల్లో బలహీనమైనవి ఫిల్ము దాకా చేరలేవు, చెంపలోనే ఇంకిపోతాయి. వాటిని ముందే ఆపడానికి 70 కేవీ వరకు యంత్రాల్లో 1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం ఫిల్టరు ఉంటుంది. రిపేరుకు విప్పినవాళ్లు దాన్ని తిరిగి పెట్టడం మర్చిపోతే బొమ్మలో తేడా కనిపించదు, చర్మానికి పడే డోసు మాత్రం పెరుగుతుంది.

మన దగ్గర పెద్దగా ఎవరూ పట్టించుకోనిది కోన్ ఆకారం. గుండ్రటి కోన్ చివర కిరణం వ్యాసం 7 సెంటీమీటర్లు, అంటే 38 చదరపు సెంటీమీటర్ల పైన. పెద్దవాళ్లకు వాడే 2వ నంబరు ఫిల్ము 31 × 41 మిల్లీమీటర్లు, 13 చదరపు సెంటీమీటర్లు కూడా రాదు. మూడింట రెండు వంతుల కిరణం ఫిల్ముకు పనికిరాకుండా ముఖం మీద పడుతున్నట్టు. కోన్ చివర కిరణాన్ని ఫిల్ము మేరకు కుదించే దీర్ఘచతురస్రపు కొలిమేటరు తగిలిస్తే ఈ వృథా చాలావరకు పోతుంది, చెదిరే కిరణాలు తగ్గి బొమ్మ కూడా తేటపడుతుంది. పెట్టడానికి జంకేదెందుకంటే, గురి కాస్త తప్పినా ఫిల్ములో ఒక మూల తెల్లగా మిగిలిపోతుంది. దీన్నే కోన్ కట్ అంటారు. రింగు ఉన్న ఫిల్ము హోల్డరు వాడితే ఆ భయం ఉండదు. రోగి వేలితో ఫిల్ము అదిమి పట్టుకునే పద్ధతి వదలనంత కాలం కోన్ కట్ కూడా వదలదు. ఆ వేలికి డోసు కూడా దండగే.

ఇక నోట్లో పెట్టడం. కింది దవడ పళ్లకు సెన్సరు (ఫిల్ముకు బదులు పెట్టే డిజిటల్ పలక) గుచ్చుకుంటుందని జనం నోరు బిగిస్తారు. దాన్ని చిగురుకు ఆనించి కిందికి నొక్కడమే తప్పు. నాలుకను పక్కకు జరిపి, పంటికి కాస్త దూరంగా, నాలుక వైపు లోతు ఉన్నచోట దించాలి. దించి, నోరు మెల్లగా మూయమనాలి. మూసేకొద్దీ నాలుక కింది కండరం వదులై సెన్సరు దానంతటదే కిందికి దిగుతుంది. నోరు బార్లా తెరిపించి నొక్కితే ఎంత మంచివాడైనా చెయ్యి పట్టుకుంటాడు.

పై దవడ వెనక పళ్లకు వాంతి వచ్చినట్టవడం ఇంకో చిక్కు. టైము, ట్యూబు కోణం ముందే సిద్ధం చేసుకుని సెన్సరు ఆఖర్న పెట్టాలి. అంగిలి మీద జరుపుతూ తీసుకెళ్లకూడదు, ఒక్కసారిగా చోట పెట్టి కొరకమనాలి. ముక్కుతో గాలి పీల్చమనడం, నాలుక కొసన చిటికెడు ఉప్పు వేయడం చాలామందికి పనిచేస్తాయి. ముందు పళ్లతో మొదలుపెట్టి వెనక్కి వెళ్తే ఇంకా మేలు.

హోల్డరు లేకుండా తీసేచోట ట్యూబును వంచే కోణమే దిక్కు. పై దవడలో పై నుంచి కిందికి ముందు పళ్లకు 40 డిగ్రీలు, కోర పంటికి 45, దాని వెనకుండే చిన్న దవడ పళ్లు ప్రీమోలార్లకు 30, పెద్ద దవడ పళ్లు మోలార్లకు 20. కింది దవడలో అదే వరుసలో కింది నుంచి పైకి 15, 20, 10, 5. కోణం ఎక్కువైతే పన్ను పొట్టిగా, తక్కువైతే పొడుగ్గా పడుతుంది. ఇది అందానికి సంబంధించిన విషయం కాదు. 20 మిల్లీమీటర్ల పన్ను బొమ్మలో 22గా పడితే, దాన్ని నమ్మి పెట్టిన ఫైలు వేరు దాటి 2 మిల్లీమీటర్లు ఎముకలోకి వెళ్తుంది. అలాంటప్పుడు మళ్లీ తీయనక్కర్లేదు: ఫైలు అసలు పొడవును బొమ్మలోని పంటి పొడవుతో గుణించి, బొమ్మలోని ఫైలు పొడవుతో భాగిస్తే అసలు పొడవుకు దగ్గరి లెక్క వస్తుంది. పై మోలార్ వేళ్ల మీద చెంప ఎముక నీడ పడితే నిలువు కోణం మరీ ఎక్కువైందని గుర్తు. పంటికీ ఫిల్ముకూ మధ్య దూది రోల్ పెట్టి ఫిల్మును నిటారు చేసి, కోణం తగ్గించాలి. పళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు పడితే తప్పు అడ్డ కోణానిది. పళ్ల సందుల్లోని పుచ్చు ఆ బొమ్మలో కనిపించే ప్రశ్నే లేదు.

ఫిల్ము ఇంకా వాడుతున్న చిన్న క్లినిక్‌లకు అసలు శత్రువు మే నెల. ఫిల్ము మీద బొమ్మ తేల్చే మందు డెవలపర్‌లో ఉంచాల్సింది 20 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు, 22 దగ్గర 4, 24 దాటితే 3, 27 దగ్గర రెండున్నర. మన ఎండాకాలంలో మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లే చెయ్యి పెట్టలేనంత వేడి. ఆ వేడిలో అలవాటు ప్రకారం 5 నిమిషాలు ఉంచితే ఫిల్ము నల్లబడి మసక కమ్ముతుంది, పై పూత ఉబ్బి ముడతలు పడుతుంది. డబ్బాలను ఐసు వేసిన టబ్బులో పెట్టి, థర్మామీటరు చూసి టైము కట్టుకోవడమే మార్గం.

దీనికి ఎదురు తప్పు ఇంకా చెడ్డది. డెవలపర్ పాతబడి డికాక్షన్ రంగుకు తిరిగాక ఫిల్ము పాలిపోయి వస్తుంది. మందు మార్చాల్సింది పోయి ఎక్స్‌పోజర్ టైము పెంచుతారు. డెవలపర్ డబ్బులు మిగులుతాయి, ఆ ఖర్చు రోగి ఒంటి మీద పడుతుంది. నా దృష్టిలో చిన్న ఊళ్లలో అనవసర రేడియేషన్‌కు అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. మందు కొత్తగా ఉన్నప్పుడు బాగా వచ్చిన ఫిల్మును లైట్ బాక్సుకు అతికించి, రోజూ మొదటి ఫిల్మును దాంతో పోల్చి చూస్తే మోసం వెంటనే దొరుకుతుంది. కరెంటు కూడా ఒక కారణమే. లో వోల్టేజీ ఉన్నప్పుడు పాత యంత్రంలో కేవీ పడిపోయి ఫిల్ము తేలిపోతుంది. దానికి స్టెబిలైజరు పెట్టాలి గానీ టైము పెంచకూడదు. ఫిల్ము మీద చేప ముల్లులాంటి గీతలు కనిపిస్తే ప్యాకెట్టు తిరగేసి పెట్టారని, లోపలి సీసపు రేకు పంటి వైపుకు వచ్చిందని తెలుసుకోవాలి.

సెన్సరుతో బొమ్మను నేరుగా కంప్యూటర్‌లో చూపే ఆర్‌వీజీ వచ్చాక మందుల గొడవ పోయి కొత్త జబ్బు పట్టుకుంది. బొమ్మ క్షణంలో వస్తుంది కాబట్టి "ఇంకోటి కొడదాం" అనడం సులువైంది. పైగా డోసు ఎక్కువైనా సాఫ్ట్‌వేర్ సర్దేసి చక్కటి బొమ్మే చూపిస్తుంది. ఫిల్ము రోజుల నాటి టైము సెట్టింగును అలాగే వదిలేసినవాళ్లు ఉన్నారు. సెన్సరు తయారీదారు చెప్పిన టైము దగ్గర మొదలుపెట్టి, బొమ్మ గరుగ్గా మారేదాకా మెట్టు మెట్టుగా తగ్గించి, అక్కణ్ణుంచి ఒక్క మెట్టు పైన ఆపాలి. పిల్లలకు ఇంకా తక్కువ చాలు.

రోగికి కప్పే లెడ్ (సీసం) ఏప్రాన్ దగ్గర అభిప్రాయాలు మారుతున్నాయి. గురి, కొలిమేషన్ సరిగ్గా ఉంటే ఏప్రాన్, మెడకు కట్టే థైరాయిడ్ కాలర్ ప్రతిసారీ అవసరం లేదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2024 ఫిబ్రవరిలో చెప్పింది. మన దగ్గర గుండ్రటి కోన్లే ఎక్కువ కాబట్టి నేనైతే పిల్లలకు కాలర్ కట్టమనే అంటాను. ఓపీజీకి మాత్రం కాలర్ కట్టొద్దు. దాని నీడ దవడ మీద పడి మళ్లీ తీయాల్సి వస్తుంది. నెల తప్పిందేమో ఆడవాళ్లను అడగాలి, కానీ కిరణం పొట్ట వైపు పోదు. చీము పట్టి జ్వరమొచ్చిన గర్భిణికి ఎక్స్‌రే వాయిదా వేయడం ఆమెకే నష్టం.

తీసేవాళ్ల లెక్క వేరు, రోగికి నాలుగు అయితే వాళ్లకు రోజంతా. కిరణానికి ఎదురుగా కాకుండా పక్కకు, రెండు మీటర్ల దూరంలో నిలబడాలి. దూరం రెట్టింపైతే డోసు నాలుగో వంతుకు పడిపోతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ వెనక ఉంటే ఇంకేం అక్కర్లేదు. ఫిల్మునూ, ఊగే ట్యూబునూ సిబ్బంది చేత్తో పట్టుకోకూడదు. కదిలే పిల్లాణ్ణి పట్టుకోవాల్సి వస్తే తల్లో తండ్రో ఏప్రాన్ వేసుకుని పట్టుకోవాలి. ఒంటికి పడిన డోసును కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటే ఛాతీ దగ్గర, ఏప్రాన్ లోపల పెట్టుకోవాలి. మన దేశంలో ఈ పనివాళ్లకు పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. మామూలు జనానికి 1.

యంత్రం కొనేటప్పుడు అణుశక్తి నియంత్రణ మండలి టైప్ అప్రూవల్ ఉందో లేదో చూసి, మండలి ఈ-లోరా పోర్టల్‌లో నమోదు చేయించాలి. రెండేళ్లకోసారి క్వాలిటీ అష్యూరెన్స్ పరీక్ష, పెద్ద రిపేరు తర్వాత మరోసారి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే చేతి యంత్రాలను ఈ కాగితాలు లేకుండా క్యాంపులకు పట్టుకుపోవద్దు. వాడేసిన ఫిక్సర్‌లో (ఫిల్ము మీద బొమ్మను నిలిపే మందు) వెండి, ప్యాకెట్ రేకులో సీసం ఉంటాయి. రెండూ మోరీలోకీ చెత్తబుట్టలోకీ పోకూడదు. ఫిక్సర్‌ను డబ్బాలో, రేకులను సీసాలో విడివిడిగా పోగుచేసి, అనుమతి ఉన్న వ్యర్థాల సేకరణవాళ్లకే ఇవ్వాలి.