ప్రదర్శన పేద రైతు చేనులోనే పెట్టాలి

1968 జనవరిలో వారణాసిలో సైన్స్ కాంగ్రెస్, అంటే దేశంలోని శాస్త్రవేత్తల మహాసభ జరిగింది. ఎక్కువ దిగుబడినిచ్చే పొట్టి గోధుమతో దేశానికి ధాన్యం మీద ధైర్యం వస్తున్న రోజులవి. ఆ వేడుక వేళలోనే వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ గారు హెచ్చరించారు. భూసారం కాపాడకుండా ముమ్మర సేద్యం చేస్తే చివరికి ఎడారి మిగులుతుందన్నారు. మురుగు పోయే దారి లేకుండా నీళ్లు పెడితే చౌడు తేలుతుందనీ, లెక్క లేకుండా తోడితే భూగర్భ జలం అడుగంటుతుందనీ, ఎన్నో నాటు రకాలు తీసేసి ఒకటి రెండే పరిస్తే తెగులు పంటలకు పంటలను తుడిచిపెడుతుందనీ చెప్పారు. చిత్తూరు పడమటి మండలాల్లో బోర్లు ఎంత లోతుకు దిగాయో చూసినవాళ్లకు ఆ మాట విలువ వేరే చెప్పక్కర్లేదు.

1961లో మొదలైన మన తిరుపతి ఎస్వీ వ్యవసాయ కళాశాలలో చదివి బయటికొచ్చిన మనకు ఆయన పద్ధతి ఒకటి ఇంకా దగ్గరగా తగులుతుంది. కొత్త గోధుమను పండించి చూపే ప్రదర్శన క్షేత్రాలు చిన్న రైతుల చేలలోనే ఉండాలని ఆయన పట్టుబట్టారు. కలిగిన రైతు చేలో పండితే అది డబ్బు మహిమేనని జనం తోసేస్తారు. పేదవాడి చేలో పండితేనే విత్తనం గొప్పదని నమ్ముతారు. నా దృష్టిలో విస్తరణ సేవ, అంటే కొత్త పద్ధతులను రైతు దాకా చేర్చే పని అంతా ఈ ఒక్క మెలకువలో ఉంది.

మన ఎర్ర గరప నేలల్లో చెనక్కాయ (వేరుశనగ) ప్రదర్శన పెట్టేటప్పుడూ అదే పట్టుకోవాలి. వానాధారపు చేను, రెండెకరాల రైతు, ఆయన సొంత గొర్రు, ఆయన సొంత కూలీలు. మనం మార్చేది మాత్రం రెండు మూడు పనులే.

మొదటిది విత్తనం. కాయలు వలిచేది విత్తడానికి వారం లోపలే. ముందే వలిచి పెడితే మొలక దెబ్బతింటుంది. ముడతలు పడ్డవీ, పగిలినవీ ఏరేయాలి. కిలో పప్పుకు 3 గ్రాముల మాంకోజెబ్ అనే తెగులు మందు పట్టించి నీడన ఆరనివ్వాలి. ఎకరా విత్తనానికి 200 గ్రాముల రైజోబియం (వేళ్లకు నత్రజని అందించే బ్యాక్టీరియా) పొట్లాన్ని కొద్దిపాటి బెల్లం నీళ్లతో కలిపి చివర్లో పట్టించాలి. నీళ్లు ఎక్కువైతే పప్పు మీది పొర లేచిపోతుంది. పొర లేచిన పప్పు భూమిలోనే కుళ్లుతుంది. ఎండలో ఆరబెడితే బ్యాక్టీరియా చస్తుంది, శ్రమంతా వృథా.

రెండోది జిప్సం, కాల్షియం ఉండే ఎరువు. చాలా ప్రదర్శనలు ఇక్కడే పోతాయి. చెనక్కాయ ఊడ (పూత తర్వాత భూమిలోకి దిగే కాడ) భూమిలోకి దిగాక కాయ తన చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా కాల్షియం తీసుకుంటుంది. వేరు తాగిన కాల్షియం ఆకుకు పోతుందే గాని కాయకు దిగదు. అందుకే ఎకరాకు 200 కిలోల జిప్సం తొలి పూత దశలో, కాయ ఊరే చోటుకే, మొక్కల మొదళ్ల పక్కన చాళ్లలో వేసి మట్టి ఎగదోయాలి. 45 రోజులు దాటాక అంతర సేద్యానికి గుంటక గాని, దంతె గాని ఆడించకూడదు, దిగిన ఊడలు తెగుతాయి. ఆలస్యమైతే జిప్సం వేసినా తాలు కాయలే.

తేడా కంటికి కనబడాలంటే చేను మధ్యలో నాలుగు సాళ్లు జిప్సం వేయకుండా వదలాలి. రైతుకు అవే పాఠం చెబుతాయి.

రకం విషయంలో వారణాసి మాట మరవకూడదు. ఊరంతా ఒకే రకం పెట్టించవద్దు. మన తిరుపతి పరిశోధనా స్థానం నుంచి వచ్చిన నారాయణి, ధరణి ఉన్నాయి. ఏడు సాళ్ల చెనక్కాయకు ఒక సాలు కంది వేస్తే వాన తప్పిన ఏడాది ఇంట్లోకి పప్పయినా వస్తుంది.

డొల్ల లోపల నలుపు తిరిగిన కాయలు నూటికి 75 దాకా ఉంటే పీకే అదును. గుత్తి రకాలకు నిద్రావస్థ (గింజ కొన్నాళ్లు మొలకెత్తకుండా ఆగడం) ఉండదు గనుక, ఆ వేళ ముసురు పడితే కాయలోనే మొలకొస్తుంది. పీకిన చెట్లను కాయలు పైకి వచ్చేలా తిరగేసి ఆరబెట్టాలి. తేమ 9 శాతానికి దిగకుండా బస్తాకెత్తితే బూజుతో పాటు అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది.

కోత రోజున వదిలిన సాళ్ల నుంచి నూరు కాయలు, జిప్సం వేసిన సాళ్ల నుంచి నూరు కాయలు తీసి, రైతు ముందే, ఆయన భార్య చేతే వలిపించి, తాలువి వేరే కుప్ప పెట్టించాలి. తూకం కూడా వాళ్ల తక్కెడలోనే వేయాలి.