నాటుకుక్కకు లేజర్: నా అనుభవం

నిన్నటితో ఎనిమిదో సిట్టింగ్ అయిపోయింది. మా కుక్క కరియ కాలి పుండు మానింది.

అనంతపురంలో మా వీధి మలుపులోనే బైకు గుద్దింది. వెనక కాలి మడమ దగ్గర తోలు ఊడొచ్చింది. అక్కడ లాగి కుట్లు వేసేంత వదులు తోలు ఉండదట, కండ పూడి దానంతటదే మూసుకోవాలన్నారు పశువుల డాక్టర్లు. మూడు వారాలైనా కదల్లేదు. లేజర్ ఉన్న క్లినిక్కుకు పొమ్మన్నారు.

కౌంటర్లో అమ్మాయి "బ్రీడ్?" అంది. నాటుకుక్క అన్నాను. కంప్యూటర్లో అది లేదట, "స్ట్రే" అని, అంటే దిక్కులేని వీధికుక్క అని కొట్టింది. "ఏడేండ్లుగా మా వరండాలో పడుకుంటోంది, మా సంగటే తింటోంది, స్ట్రే ఎట్లవుతుందమ్మా?" అన్నాను. "సార్, లేజర్ అంటే సిట్టింగ్‌కింత కట్టాలి, తెలుసు కదా?" అంది, హాలంతా వినేటట్టు. ల్యాబ్రడార్లు పట్టుకుని కూర్చున్నవాళ్లు నా చెప్పుల వైపు చూశారు. ముప్ఫై ఏండ్లు పిల్లకాయలకు లెక్కలు చెప్పినవాణ్ణి, ఎనిమిది సిట్టింగ్‌ల డబ్బూ అక్కడే లెక్కబెట్టి బల్ల మీద పెట్టాను. అవసరమేమీ లేదు, పౌరుషం. ఇంట్లో మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. మీరు అట్లా కట్టకండి. మొదటి రోజే పుండు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసుకోండి, తగ్గుతుంటేనే మిగతాది కట్టండి. మాది 6 సెంటీమీటర్లతో మొదలైంది.

డాక్టరు మంచాయన. కట్టు విప్పి వాసన చూసి "టర్పెంటైన్ పోసిందెవరు?" అన్నాడు. నేనే, పురుగులు పడతాయని. కొత్త కండను కాల్చేస్తుందట. నోరు మూసుకుని తిట్లు తిన్నాను.

లేజర్ ఐదు నిమిషాలే. మాకు రంగు కళ్లద్దాలు, కరియ కళ్లకు నల్లగుడ్డ. ఇది కోసే లేజర్ కాదు, ఎర్రటి, పరారుణ కాంతి. కణాల్లోని మైటోకాండ్రియా ఆ వెలుగు తీసుకుని శక్తి తయారీ పెంచుతుందని చెప్పాడు. నల్లతోలు వెలుగును పీల్చి వేడెక్కుతుందని ఒకచోట ఆపకుండా తిప్పుతూనే ఉన్నాడు. 1960లలో బుడాపెస్ట్‌లో ఎండ్రే మెస్టర్ అనే డాక్టరు ఎలుకల వెంట్రుకలు గొరిగి లేజర్ పెడితే అవి తొందరగా మొలిచాయట, కథ అక్కడ మొదలైందట.

లేజరే మాన్పిందా, నాకకుండా మెడకు తగిలించిన ప్లాస్టిక్ గరాటా అనడిగితే నవ్వాడు. కుక్కల మీద చేసిన పరిశోధనలు ఒకటి ఔనంటే ఇంకొకటి కాదంటుందట. గరాటు మాత్రం తీయొద్దన్నాడు.

నిన్నటి బిల్లు మీదా "స్ట్రే" అనే ఉంది. పెన్నడిగి కొట్టేసి, పక్కన "నాటు" అని తెలుగులో రాసిచ్చాను.